మాడ్రిడ్ నుంచి సెగోవియాకు ఒక్క రోజు చాలా? అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకు నా సలహా

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. అడిగినవారు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు. మే నెలాఖరులో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్ళకి స్పెయిన్ చూపించాలి. మాడ్రిడ్‌లో ఐదు రోజులు హోటల్ తీసుకుని ఒక రోజు సెగోవియా, ఒక రోజు తొలేదో, ఒక రోజు ఆవిలా చూసి రావాలని ప్లాన్. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అమ్మగారు శాకాహారి, గుడ్డు మాత్రం తింటారు. "సెగోవియాకి ఒక్క రోజు సరిపోతుందా? కారు తీసుకోవాలా?" అన్నది ప్రశ్న.

నా సమాధానం: తొలేదో, ఆవిలా ఈసారికి వదిలేయండి. సెగోవియాలోనే రెండు రాత్రులు ఉండండి. కారు మధ్య రోజుకు మాత్రమే తీసుకుని, ఆ ప్రావిన్సులో ఒక్క దిక్కుకే వెళ్ళండి. మిగతా రెండు రోజులూ మాడ్రిడ్‌కి ఉంచుకోండి.

నేను మాడ్రిడ్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఎండాకాలం వస్తే మావైపు చుట్టాలో, స్నేహితుల తల్లిదండ్రులో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వాళ్ళని తిప్పే పని నాదే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసినవాళ్ళు సెగోవియా గురించి "బాగుంది, కానీ బాగా అలిసిపోయాం" అంటారు. రాత్రి ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళాక కూడా ఆ ఊరి గురించి మాట్లాడుతూనే ఉంటారు. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

రైలు అరగంటే, ప్రయాణం అరగంట కాదు

చమార్తీన్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు అరగంటలోపే సెగోవియా చేరుస్తుంది, ఆ మాట నిజమే. కానీ చమార్తీన్ మాడ్రిడ్ ఉత్తరం చివర ఉంది. మీ హోటల్ నుంచి అక్కడికి చేరాలి, సామాన్ల తనిఖీ ఉంటుంది, ప్లాట్‌ఫారం కొద్ది నిమిషాల ముందే మూసేస్తారు. అవతల దిగే గియోమార్ స్టేషన్ ఊళ్ళో లేదు. ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి 11వ నంబరు సిటీ బస్సు అక్విడక్ట్ దగ్గర, అంటే కమానుల మీద నీళ్ళు పారడానికి రోమన్లు కట్టిన పాత కాలువ దగ్గర, దింపుతుంది. అన్నీ కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి రెండు గంటల దాకా పడుతుంది. పెద్దవాళ్ళతో అయితే ఇంకాస్త ఎక్కువే. రానూపోనూ కలిపితే ఒక పూట పోయినట్టే.

ఒక రోజు టూర్ బస్సులన్నీ పదీ పదకొండు మధ్య దిగి, సాయంత్రం అయిదారుకి వెళ్ళిపోతాయి. అంటే ఒక్క రోజుకని వెళ్ళేవాళ్ళు ఊరిని చూసేది సరిగ్గా ఎండా జనమూ రెండూ ఎక్కువగా ఉండే సమయంలోనే. ఆ బస్సులు వెళ్ళిపోయాక ఊరు ఊరివాళ్ళ చేతికి తిరిగి వస్తుంది. ముసలివాళ్ళు చేతులు పట్టుకుని వీధిలో నడుస్తారు, పిల్లలు ఊరి ప్రధాన చౌరస్తా ప్లాసా మయోర్‌లో బంతి ఆడుకుంటారు. మే చివర్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. అంత పొడవైన సాయంత్రాన్ని మాడ్రిడ్ రైల్లో కూర్చుని పోగొట్టుకోకండి.

ఇంకో మాట. మీ విమానం దిగేది మాడ్రిడ్ బరాహాస్‌లో కాబట్టి, మొదట సెగోవియా వెళ్ళి ఆ తర్వాత మాడ్రిడ్ చూడండి. 4వ టెర్మినల్ నుంచి లోకల్ రైలు నేరుగా చమార్తీన్‌కి వెళ్తుంది. వేరే టెర్మినల్‌లో దిగితే అక్కడికి ఉచిత బస్సు ఉంటుంది. మాడ్రిడ్ నడిబొడ్డుకి వెళ్ళే పనే లేదు. టికెట్ కొనేటప్పుడు "అవాంత్" అని ఉన్న రైలు చూడండి. అదే పట్టాల మీద దాదాపు అంతే సమయంలో వెళ్తుంది, కానీ "ఆవె", "ఆల్వియా" రైళ్ళకంటే సాధారణంగా చవక. మాడ్రిడ్ పడమటి వైపున్న మోంక్లోవా నుంచి బస్సు కూడా ఉంది. గంటంబావు పడుతుంది, ఇంకా చవక, పైగా ఊళ్ళోనే దింపుతుంది. మీరు మాడ్రిడ్‌లో ఉండే హోటల్ పడమటి వైపైతే తిరుగు ప్రయాణానికి బస్సే నయం.

మొదటి సాయంత్రం: అక్విడక్ట్ చిన్నగా ఉన్న చోట మొదలుపెట్టండి

అందరూ అసొగేహో అనే చౌరస్తాలో నిలబడి, తలెత్తి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. అక్కడ దాని ఎత్తు 28 మీటర్లు. రెండు అంతస్తుల కమానులు, చూడగానే నోరు తెరుచుకుంటుంది. కానీ అది ఎందుకు కట్టారో, ఎలా పనిచేసిందో ఆ చోట అర్థం కాదు.

టాక్సీ మాట్లాడుకుని తూర్పు చివరకు, సాన్ గాబ్రియేల్ వీధి వైపు వెళ్ళండి. అక్కడ ఒక చిన్న రాతి గది ఉంటుంది. కొండల నుంచి వచ్చిన నీళ్ళు ఆ గదిలో కాసేపు నిలిచి, ఇసుక అడుగున పేరుకుని, తేటనీరు ముందుకు సాగేది. అక్కడి నుంచే కమానులు మొదలవుతాయి. మొదట్లో చాలా పొట్టిగా ఉంటాయి, నాన్నగారు ఆ రాళ్ళని చేత్తో తాకి చూడొచ్చు. ఆ పక్కనే నడుస్తూ కిందికి వస్తే నేల దిగుతున్నకొద్దీ కమానులు పెరుగుతూ పోతాయి. పైన నీళ్ళ కాలువ మాత్రం చాలా కొద్ది వాలుతో సాగుతుంది, ఎందుకంటే నీళ్ళు తమంతట తామే పారాలి. నేల పల్లమైన చోట ఆ కాలువను అదే మట్టంలో నిలపడానికే ఇంత కట్టడం. కింద అసొగేహో చేరి తలెత్తేసరికి అమ్మానాన్నలకి ఎవరూ వివరించక్కర్లేకుండానే విషయం తెలిసిపోతుంది. పైగా దారంతా పల్లానికే.

ఇది రోమన్లు 1వ శతాబ్దం చివర, 2వ శతాబ్దం మొదట్లో కట్టింది. నీళ్ళు గ్వాదర్రామా కొండల్లోని ఒక వాగు నుంచి, పదిహేను కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వచ్చేవి. గ్రానైట్ దిమ్మెల మధ్య సున్నం లేదు. మన పాత గుళ్ళలోలాగే రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. దిమ్మెల మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, వాటిని చూపించడం మర్చిపోకండి. పైకెత్తేటప్పుడు ఇనుప పటకారు పట్టు కోసం తొలిచినవి అవి. మధ్యయుగంలో కూలిపోయిన 36 కమానులను 15వ శతాబ్దం చివర, రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందో కాలంలో తిరిగి కట్టారు. మీరు చూసేది మొత్తం రోమన్ పనే అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఊరివాళ్ళ కథ మాత్రం వేరు. రోజూ నీళ్ళు మోసి విసిగిన ఒక పనిపిల్ల, తెల్లారేలోగా ఇంటి ముందుకి నీళ్ళు తెస్తే నా ఆత్మ నీదే అని సైతానుతో ఒప్పందం చేసుకుందట. వాడు రాత్రంతా కట్టాడు. చివరి రాయి పెట్టేలోపు సూర్యుడు రావడంతో ఆ పిల్ల బతికిపోయింది. ఆ రాళ్ళ మీద గుంటలు సైతాను వేళ్ళ గుర్తులని కూడా అంటారు. రాత్రి దీపాల వెలుగులో ఆ కట్టడం కింద కూర్చుని అమ్మకి ఈ కథ చెప్పండి.

మోకాళ్ళ సంగతి

పాత ఊరు సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున, ఒక పొడవాటి బండ మీద ఉంది. వీధులు రాతి పరుపులు, ఎత్తుపల్లాలు. అక్విడక్ట్ నుంచి ప్లాసా మయోర్ వరకు దుకాణాల వీధి ఒకటి ఉంది. మామూలు మనిషికి పావుగంట నడక, కానీ ఎక్కుడు. నా పద్ధతి ఎప్పుడూ ఒకటే: పైకి టాక్సీ, కిందికి నడక. ఊరు చిన్నది, టాక్సీకి పెద్దగా ఖర్చవదు.

హోటల్ ప్లాసా మయోర్ దగ్గర తీసుకోండి. చాలామంది అక్విడక్ట్ దగ్గర తీసుకుంటారు, బస్సు దిగగానే ఉంటుందని. కానీ పెద్దవాళ్ళకి మధ్యాహ్నం భోజనం తర్వాత కాసేపు పడుకునే వీలుండాలి. ప్లాసా మయోర్ నుంచి కెథెడ్రల్ నాలుగడుగులు, అల్కాసర్ కోట పది నిమిషాల నడక. లిఫ్ట్ ఉందో లేదో బుక్ చేసేముందు మెయిల్ పెట్టి కనుక్కోండి. పాత భవనాల్లో లిఫ్ట్ ఉన్నా, దానికి ముందు ఐదారు మెట్లు ఉండే హోటళ్ళు కొన్ని చూశాను.

మధ్య రోజు: కారు, ఒక్క దిక్కు

మీకు జర్మన్ లైసెన్స్ ఉంటే స్పెయిన్‌లో ఇంకేమీ అక్కర్లేదు. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేయాలి, చిన్న ఊళ్ళలో అవి తక్కువ. శని, ఆదివారాల్లో అద్దె ఆఫీసుల వేళలు కుదించి ఉంటాయి కాబట్టి ఈ రోజు శుక్రవారమో బుధవారమో వచ్చేలా చూసుకోండి. సోమవారం వద్దు, ఆ రోజు మనం చూడబోయే లా గ్రాంహా ప్యాలెస్ మూసి ఉంటుంది. పాత ఊరి కోట గోడల లోపలికి కారు తీసుకెళ్ళకండి, కింద పార్కింగ్‌లో పెట్టేయండి.

ఈ ప్రావిన్సులో చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాయవ్యాన కోకాలో మొత్తం ఇటుకతో కట్టిన 15వ శతాబ్దపు కోట ఉంది, దారంతా పైన్ చెట్ల అడవి. చెట్లకి గాటు పెట్టి జిగురు తీసే పని అక్కడ ఇప్పటికీ ఉంది. అది మంచి రోజే, కానీ ఈశాన్యంతో కలపకండి. మీకు నేను చెప్పేది ఈశాన్యమే: పొద్దున పెద్రాసా, మధ్యాహ్నం అక్కడే భోజనం, తిరుగుదారిలో లా గ్రాంహా.

పెద్రాసా సెగోవియా నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. ఎడమవైపు మైదానం, కుడివైపు గ్వాదర్రామా కొండలు. మేలో కూడా శిఖరాల మీద ఒక్కోసారి మంచు చారలు కనిపిస్తాయి. చుట్టూ గోడ ఉన్న ఈ చిన్న ఊరికి ఒక్కటే ద్వారం. లోపల చౌరస్తా, రాతి స్తంభాల అరుగులు, ఇళ్ళ మీద పాత కుటుంబాల చిహ్నాలు, చివర ఒక కోట. 16వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా స్పెయిన్ చేతిలో ఓడి, తను విడుదలవడానికి బదులుగా చిన్నపిల్లలైన ఇద్దరు కొడుకులను బందీలుగా పంపాడు. వాళ్ళను ఉంచిన కోటల్లో ఇదొకటి. ఆ చిన్నవాళ్ళలో ఒకరు తర్వాత రెండవ ఆన్రీగా ఫ్రాన్స్‌ని ఏలాడు. వారాంతాల్లో మాడ్రిడ్ జనం భోజనానికి ఇక్కడికే వస్తారు, అప్పుడు ఊరు ఇరుకు. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది కానీ కొన్ని హోటళ్ళు మూసి ఉంటాయి. ముందురోజే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోండి.

సెపూల్‌వేదా ఊరు, దురాతోన్ నది లోయ ఇంకొంచెం ముందుకి. లోయ అంచున సాన్ ఫ్రూతోస్ గుడి, కింద మలుపులు తిరిగే నది, కళ్ళెదుటే ఎగిరే రాబందులు. మన దేశంలో దాదాపు కనుమరుగైన పక్షిని అన్నేసి చూడటం నాకు చాలా ఇష్టం. కానీ మట్టిరోడ్డు తర్వాత నీడ లేని నడక, మళ్ళీ ఎక్కి రావాలి. నాన్నగారి మోకాళ్ళతో వద్దు. యువజంటలు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం లా గ్రాంహా బదులు అక్కడికి వెళ్ళండి.

ఇక లా గ్రాంహా. సెగోవియాకి 11 కిలోమీటర్ల దూరంలో, కొండ పాదంలో ఉన్న రాజప్రాసాదం. స్పెయిన్ రాజు ఐదవ ఫెలిపె పుట్టింది వెర్సాయ్‌లో, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి మనవడు. 1720ల్లో ఇక్కడ తన చిన్ననాటి తోటల్లాంటివి వేయించాడు, చివరికి ఇక్కడి చర్చిలోనే సమాధి చేయించుకున్నాడు. ప్యాలెస్ లోపల గంట చాలు. తోటే అసలు సంగతి. తోట పై చివర "సముద్రం" అని పిలిచే చెరువు ఉంది. కొండ నీళ్ళు అందులో చేరి, ఇనుప గొట్టాల్లో పల్లానికి వచ్చి, ఆ ఒత్తిడితోనే ఫౌంటెన్లు ఎగుస్తాయి. మోటార్లు లేవు. కీర్తిదేవత ఫౌంటెన్ నీళ్ళు 40 మీటర్లకు పైగా ఎగురుతాయి. ముందురోజు చూసిన రోమన్ కాలువ గుర్తొస్తుంది: అవే కొండలు, అదే పల్లం, అవే నీళ్ళు. ఒకప్పుడు ఊరి దాహానికి, ఇంకొకప్పుడు రాజు ముచ్చటకి. సెగోవియా ఊరొక్కటే చూసి వచ్చేస్తే ఈ సంబంధం తెలియదు. ప్రావిన్సులోకి వెళ్ళమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఫౌంటెన్లు రోజూ నడవవు. వసంతం నుంచి వేసవి మధ్య దాకా వారంలో కొన్ని రోజులు, సాయంత్రం పూట, కొన్నింటినే వంతుల వారీగా వదులుతారు. చెరువులో నీళ్ళు తగ్గిన ఏడాది అవీ ఉండవు. అన్నింటినీ వదిలేది సంప్రదాయంగా మే 30, జూలై 25, ఆగస్టు 25 పండుగ రోజుల్లో. మీరు వచ్చేది మే చివర్లో కాబట్టి 30వ తేదీ కుదురుతుందేమో చూడండి. ఆ రోజు జనం విపరీతం, టికెట్ ముందే కొనాలి, కానీ వెళ్ళదగ్గదే. బయలుదేరే ముందు ప్యాలెస్ వెబ్‌సైట్‌లో ఆ వారం వేళలు చూసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు కారు అప్పగించే ముందు ఒక్క చోట ఆగండి: ఊరికి ఉత్తరాన, నది అవతల సాన్ మార్కోస్ పచ్చిక. కింద నుంచి చూస్తే అల్కాసర్ బండ మీద ఓడలా నిలబడి కనిపిస్తుంది. అక్కడికి దగ్గర్లోనే వేరా క్రూస్ అనే పన్నెండు పలకల చర్చి, 1208 నాటిది.

మూడో రోజు పొద్దున: కోట, కెథెడ్రల్

అల్కాసర్ తలుపు తీసే వేళకే వెళ్ళండి, టూర్ బస్సులు రాకముందే గదులు చూసేయొచ్చు. గోపురానికి వేరే టికెట్, 152 మెట్లు, ఇరుకు. మీరొక్కరు ఎక్కి రండి, అమ్మానాన్నలు తోటలో కూర్చుంటారు. 1862లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి లోపలి చెక్క పైకప్పులు కాలిపోయాయి. ఇప్పుడున్న బంగారు కప్పుల్లో చాలావరకు తర్వాత మళ్ళీ చేసినవి.

కెథెడ్రల్ చూసేటప్పుడు ఒక విషయం తెలిసి ఉంటే బాగుంటుంది. పాతది అల్కాసర్ ఎదురుగానే ఉండేది. 1520లో రాజు మీద ఈ కస్తీయా ప్రాంతపు నగరాలు తిరగబడినప్పుడు, కోటలో రాజు మనుషులు, కెథెడ్రల్‌లో తిరుగుబాటుదారులు చేరి కొట్టుకున్నారు. కెథెడ్రల్ పాడైపోయింది. సెగోవియా దళాల నాయకుడు హువాన్ బ్రావోను 1521లో తల నరికి చంపారు. దుకాణాల వీధిలోని చిన్న చౌరస్తాలో ఉన్న విగ్రహం ఆయనదే. కొత్త కెథెడ్రల్‌ని 1525లో కోటకి దూరంగా, ఊరి మధ్యలో మొదలుపెట్టారు. పాతదాని ముంగిలి చుట్టూ ఉన్న స్తంభాల మండపాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఆ మండపం తప్పకుండా చూడండి.

తిండి: ఇక్కడే అసలు టెన్షన్

సెగోవియా కట్టెల పొయ్యి మాంసానికి పేరు. పాలు తాగే పందిపిల్లను కాల్చి, ఎంత మెత్తగా ఉందో చూపించడానికి పళ్ళెం అంచుతో కోస్తారు. పంది తినని ఇంటివాళ్ళకి పెద్రాసా వైపు పొయ్యిలో కాల్చే పాలగొర్రె పిల్ల బాగుంటుంది. మసాలా ఏమీ ఉండదు, ఉప్పూ నీళ్ళే, రుచి మాంసానిదే. నాన్నగారికి ముందే చెప్పండి.

అమ్మగారి విషయంలో జాగ్రత్త. ఇక్కడ "మాంసం లేదు" అంటే పంది ముక్కలు లేవని కాదు. ఉప్పులో ఊరేసి ఆరబెట్టిన పంది తొడ, అదే హమోన్‌ని చాలామంది మాంసం లెక్కలో వేయరు. లా గ్రాంహా పెద్ద చిక్కుళ్ళ కూర పేరుకి చిక్కుళ్ళే, లోపల పంది సాసేజ్, చెవి ముక్కలు ఉంటాయి. వెల్లుల్లి సూప్‌లోనూ హమోన్ వేస్తారు, నూనెలో వేయించే క్రొకెటా ఉండల్లోనూ ఉంటుంది. అడిగేటప్పుడు "సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (మాంసం, హమోన్, చేప లేకుండా) అని మూడూ చెప్పండి. గుడ్డు తింటారు కాబట్టి బంగాళాదుంపల ఆమ్లెట్, కూరగాయల పిస్తో, పుట్టగొడుగుల వేపుడు, వేయించిన పచ్చిమిరపకాయలు, గొర్రెపాల చీజ్, సలాడ్ దొరుకుతాయి. సలాడ్‌లో ట్యూనా వద్దని చెప్పాలి. భోజనం ఒకటిన్నర తర్వాతే, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తర్వాతే. మన పెద్దవాళ్ళు ఏడింటికే తినేస్తారు కదా, ఆ వేళకి వంటగది తీసి ఉండదు, బార్లలో ఆమ్లెట్ ముక్కే గతి. అందుకే రెండు రాత్రుల్లో ఒకదానికైనా చిన్న వంటగది ఉన్న గది నయం. పులిహోర పేస్టు, చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకుంటే పెద్దవాళ్ళకి హాయి. బియ్యం, పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, ఆదివారం మూసేలోపు కొనుక్కోండి.

బట్టల విషయం: మాడ్రిడ్‌లో చెమటలు పట్టిస్తున్నా సెగోవియా రాత్రి చల్లగా ఉంటుంది. ఇద్దరికీ స్వెటర్లు, రాతి వీధులకి మెత్తని అడుగున్న బూట్లు. అమ్మగారు చీరలో చెప్పులతో నడుస్తానంటే ఒప్పుకోకండి.

ఒకవేళ సెలవులు కుదరక ఒక్క రోజే మిగిలితే, లా గ్రాంహా, పెద్రాసా పూర్తిగా మానేయండి. వీలైనంత పొద్దున రైలెక్కి, స్టేషన్ నుంచి టాక్సీలో నేరుగా అల్కాసర్‌కి వెళ్ళండి. అక్కడి నుంచి కెథెడ్రల్, ప్లాసా మయోర్‌లో భోజనం, నెమ్మదిగా దుకాణాల వీధి గుండా కిందికి నడిచి చివర అక్విడక్ట్. అలా అయితే రోజంతా ఎక్కువగా పల్లానికే నడుస్తారు, జనానికి ఎదురుదిశలో ఉంటారు, 11వ నంబరు బస్సు ఎక్కాల్సిన చోటే తేలతారు. రాత్రి ఎనిమిది తర్వాతి రైలుకి తిరుగు టికెట్ తీసుకోండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం ఫౌంటెన్ల వేళలు చూసి రోజుల వరుస మార్చాలో లేదో చెబుతాను.